ఆ అద్దం పగలగొట్టిందెవరు

పార్లర్, కిటికీ పక్క కుర్చీ
ఎండలు మొదలైన వారం

వదినకి,

మీ ఫోను మళ్ళీ నీళ్ళలో పడిందని మీ తమ్ముడు చెప్పారు. ఊరందరి పిల్లలకీ ఈత నేర్పే మనిషి ముందు తన ఫోనుకి నేర్పించుకోవాలి కదా! పోనీలెండి, నాకు ఉత్తరాలే హాయి. ఫోన్లో మాట్లాడితే ఈయన పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అంతా వింటారు. ఉత్తరమైతే ఏం రాశానో తెలీక గింజుకుంటూ ఉంటారు. ఆ ముచ్చట చూడాలి మీరు.

అసలు సంగతికొస్తా. మన కొంగ ప్రేమలో పడ్డాడు!

నవ్వకండి. వాడికి కొంగ అని పేరు పెట్టింది మీరే. ఆ కాళ్ళు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, కాలేజీలో చేరినా ప్యాంట్లు చాలడం లేదు. నెల రోజులుగా వాడి సైకిలుకి తెగ పంక్చర్లు. రోడ్లు బాగోలేవేమో అనుకున్నా. మొన్న పెరట్లో ఆరేసిన బట్టలు తీద్దామని వెళ్తే, వీడు చక్రం ముందు గొంతుక్కూర్చుని, నా పార్లర్లో కొట్టేసిన పొడుగు పిన్నుతో టైరుని పొడుస్తున్నాడు! చెవి పట్టుకుని అడిగితే అప్పుడు బయటపడింది. సైకిల్ కొట్టాయన కూతురట. వాడి ఈడే. పొద్దునపూట కొట్లో పంక్చర్లు తనే వేస్తుందట, సాయంత్రం బొమ్మల క్లాసుకి వెళ్తుందట. జడ నడుం దాటి ఉంటుందట.

“రోజూ పంక్చరేంటని అడగదురా?” అన్నాను.

“అడగదమ్మా. ప్యాచ్ వేసి ఇచ్చేస్తుంది.”

నవ్వి నవ్వి పొట్ట నొప్పి పుట్టింది. మన కబుర్ల తాతయ్య కథ గుర్తొచ్చింది. మీ చిన్న బాబాయి ఎవరు కలిసినా చెప్పే కథే: మీ తమ్ముడు ఆర్నెల్లు నా వెంట తిరగడం, నేను వందసార్లు కాదనడం, చివరికి నేను పనిచేసే పార్లర్ అద్దాన్ని ఆయనే రాయి పెట్టి పగలగొట్టి, దాన్ని బిగించే వంకతో లోపలికొచ్చి నన్ను గెలుచుకోవడం. అద్దాల పనివాడు అద్దం పగలగొట్టాడు, వాడి కొడుకు టైరు పొడిచాడు. రక్తం ఎక్కడికి పోతుంది చెప్పండి?

మీ
మరదలు


ఈతకొలను, తేలే పలకలు ఆరబెట్టే గది
అదే నెల

మరదలికి,

కొంగ ప్రేమకథ చదివి పకపకా నవ్వాను. పక్కనున్న పెద్ద కోచ్ ఉలిక్కిపడి ఈల మింగినంత పని చేశాడు. ఆయన సంగతి నీకు తెలుసుగా, నీళ్ళంటే భయపడే పిల్లల్ని ఎత్తి లోపల పడేస్తే భయం పోతుందనే రకం. నేను చేరినప్పట్నుంచీ మా ఇద్దరికీ అదే గొడవ. నా దగ్గర ఒక బుడంకాయ ఉంది, నాలుగేళ్ళది. పట్టుకోనా అని అడిగితే వద్దంటుంది. సరే అని పక్కనే నిలబడతా. నిన్న ఉన్నట్టుండి “ఇప్పుడు పట్టుకో, కానీ పొట్ట దగ్గర కాదు, చేతులు పట్టుకో” అని హుకుం జారీ చేసింది. మహారాణీవారి ఆజ్ఞ ప్రకారం చేతులు పట్టుకున్నా. కాళ్ళు టపటపా కొట్టింది. పెద్ద కోచ్ చూసి మీసం దువ్వుకున్నాడు కానీ ఒప్పుకోలేదు.

సరే, నీ ఉత్తరం రెండుసార్లు చదివా. ఆ అమ్మాయి జడ పొడవు రాశావు, క్లాసు వేళ రాశావు, ప్యాచ్ వేసే పద్ధతి కూడా రాశావు. మనవాడంటే ఆ పిల్లకి ఇష్టమో కాదో మాత్రం ఒక్క ముక్క లేదు. ఏమంది ఆ పిల్ల?

తమ్ముణ్ణి అడిగానని చెప్పు. ఈ ఉత్తరం కూడా చూపించకు, గింజుకోనీ.

వదిన


పార్లర్
ఎండలు మండుతున్నాయి

వదినకి,

ఏమంటుంది? కాదంది. “నాకు ఇష్టం లేదు, నీ సైకిలు ఇంకో కొట్టుకి తీసుకెళ్ళు” అని ముఖం మీదే చెప్పిందట. అయితే మాత్రం? నేను మీ తమ్ముడికి మొదటిసారే సరే అన్నానా? ఆడపిల్ల ఆ వయసులో అడగ్గానే అవునంటుందా ఏమిటి! మీరు ఈతకొలనులో ఉండి ఉండి ప్రతిదాంట్లోనూ ఎవరో మునిగిపోతున్నారని భయపడతారు.

మన పిల్లాడు బంగారం. అల్లరి లేదు, కేకలు లేవు. సాయంత్రం బొమ్మల క్లాసు వదిలే వేళకి వెళ్ళి, ఎవరికీ అడ్డం రాకుండా గోడకి ఆనుకుని నిల్చుంటాడట. ఆ పిల్ల సైకిలు మలుపు తిరిగేదాకా చూసి ఇంటికొచ్చేస్తాడట. అంతే. ఈ మధ్య తను వేరే దారిలో వెళ్తోందట. వీడు రెండు రోజుల్లో ఆ దారి కూడా కనిపెట్టేశాడు. చదువులో ఈ తెలివి ఉంటే ఎంత బాగుండేది!

మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు. ఆయనది మాట్లాడే నోరు కాదు, తినే నోరు.

మీ
మరదలు


ఈతకొలను, టిక్కెట్లు ఇచ్చే కిటికీ వెనక
వాన పడేలా ఉంది

మరదలికి,

కోప్పడకుండా ఒక పని చెయ్యి. నువ్వు రాసిందే నీకు పంపిస్తున్నా, చదువు. “ఈ మధ్య తను వేరే దారిలో వెళ్తోందట. వీడు రెండు రోజుల్లో ఆ దారి కూడా కనిపెట్టేశాడు.” ఇది మన కొంగ గురించి కాదనుకో. నీ పార్లర్లో కూర్చున్నావిడ ఎవరో, తన కూతురి వెంటపడేవాడి గురించి ఈ మాట చెప్పిందనుకో. నీ చేతిలో కత్తెర ఆగదూ?

నా భయం ఊరికే పుట్టలేదు. ఇక్కడ పెద్ద మగపిల్లల బ్యాచ్‌కి ఒక ఆట ఉంది. ఈదుతున్న ఆడపిల్ల కాలు పట్టుకుని అడుగుకి లాగడం. ఆ పిల్ల వదలమంటుంది, వీళ్ళు నవ్వుతారు, ఇంకోసారి లాగుతారు. పోయిన వారం ఒకమ్మాయి దగ్గుతూ బయటికొచ్చి, తువ్వాలు చుట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. లాగినవాడు మంచి పిల్లాడే, రోజూ నాకు నమస్కారం పెడతాడు. “ఆటే కదా మేడమ్, తను నవ్వింది కూడా” అన్నాడు. నవ్విందిట! ఊపిరాడక నోరు తెరిస్తే వాడికి నవ్వులా కనిపించింది.

అందుకే కొత్త నియమం పెట్టా. ఎవరైనా “ఆపు” అంటే అక్కడికక్కడే ఆపాలి, ఎందుకని అడక్కూడదు. ఆపనివాడు ఆ రోజుకి గట్టు మీదే. ముగ్గురు తండ్రులు వచ్చి నా మీద ఎగిరారు. పెద్ద కోచ్ నన్ను కాపాడతాడనుకున్నావా? టీ తాగుతూ చూశాడు.

ఇంకొక్కటి. ఎప్పుడో మనిద్దరం గిన్నెలు తోముకుంటూ మాట్లాడుకున్నప్పుడు, ఆ ఆర్నెల్లూ పార్లర్ వెనక గుమ్మం నుంచి వెళ్ళేదాన్నని అన్నావు. కబుర్ల తాతయ్య కథలో ఆ వెనక గుమ్మం లేదు. దాని గురించి కొంగకి ఎప్పుడైనా చెప్పావా?

వదిన


పార్లర్

వదినకి,

మీ ఉత్తరం అందింది. అందరం బాగున్నాం. పార్లర్లో పని ఎక్కువగా ఉంది. వాన పడింది. తర్వాత రాస్తాను.

మరదలు


ఈతకొలను

మరదలికి,

వాన పడింది అని నాలుగు వారాల తర్వాత రాశావు. నువ్వు! కరివేపాకు బేరం గురించి మూడు పేజీలు రాయగల మనిషివి! నా మీద కోపమైతే తిట్టు, పడతా. కోపం కాకపోతే ఏదో జరిగింది. మా తమ్ముడికి కొత్త ఫోన్లోంచి చేస్తే “ఆఁ, బానే ఉన్నాం” అని పెట్టేశాడు. మీ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి మూగనోము పడితే నేనేం చావను?

ఏం జరిగిందో రాయి. ఎంత చెడ్డదైనా సరే.

వదిన


ఇంటి వెనక మెట్లు
వాన వెలిసింది

వదినా,

రాయాలని కూర్చుని నాలుగు కాగితాలు చింపాను. ఇది చింపను.

మీకు వాన పడిందని రాసే ముందు, ఒక రోజు పొద్దున పార్లర్ తెరిచీ తెరవకముందే ఒకమ్మాయి వచ్చి కూర్చుంది. “పొట్టిగా కత్తిరించండి, మెడ దాకా” అంది. మెడకి గుడ్డ కట్టి జడ విప్పా. ఎంత జుట్టు వదినా! చేతుల్లో పట్టలేదు. నా అలవాటు తెలుసుగా, వాగుతూనే ఉంటా. ఇంత జుట్టు ఎందుకు తీయించుకుంటున్నావమ్మా, ఎండలకా అన్నాను.

“కాదండీ. ఈ జడ వల్ల ఒకతను ఎంత దూరం నుంచైనా నన్ను గుర్తుపట్టేస్తున్నాడు. ఇది లేకపోతే క్లాసు వదిలినప్పుడు గుంపులో కలిసి వెళ్ళిపోవచ్చు.”

అప్పుడు చూశా తన చేతులు. గోళ్ళ మూలల్లో నల్లటి గ్రీజు. సైకిల్ కొట్టు పిల్ల!

ఎవరికైనా చెప్పావా అన్నాను. “నాన్నకి చెబితే క్లాసు మాన్పిస్తాడు. అతను చెడ్డవాడు కాదని అందరూ అంటారు. నిన్న మాత్రం సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు. రెండు నిమిషాలు విను, రెండే నిమిషాలు అన్నాడు. వదలమన్నాను, వదల్లేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా అరిచాను. అప్పుడు వదిలాడు. వదిలి, నేను అరిచినందుకు అతనే బాధపడ్డట్టు చూశాడు.”

మణికట్టు చూపించలేదు. గుడ్డ కింద రుద్దుకుంటూనే ఉంది.

“నీకు పొట్టి జుట్టు ఇష్టమా?” అని అడిగా.

“లేదు.”

కత్తెర కింద పెట్టేశా. ఇంక దాచలేకపోయా వదినా. “వాడు నా కొడుకమ్మా” అన్నాను.

ఆ పిల్ల కుర్చీలోంచి లేచిన తీరు నేను చచ్చేదాకా మర్చిపోను. గుడ్డ మెడకుండగానే తలుపు వైపు పరిగెత్తింది. గడప దగ్గర ఆగి, గుడ్డ ముడి విప్పి, అక్కడున్న బల్ల మీద పెట్టింది. మడతపెట్టి మరీ. నన్ను ఒక మాట అనుంటే బాగుండేది.

మీకు రాయనిది ఇంకొకటుంది. మొదటిసారి ఆ పిల్ల కాదందని వాడు ముఖం వేలాడేసుకుని వచ్చినప్పుడు, వాడి చేతిలో పార్లర్లోని మంచి క్లిప్పు పెట్టి, “ఒకసారి కాదంటే వదిలేస్తారట్రా? మీ నాన్నని చూసి నేర్చుకో” అన్నది నేనే. పైగా ముద్దొచ్చి వీపు మీద చరిచా.

సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టా. చెయ్యి పట్టుకున్నావా అంటే, “ఊరికే ఆపుదామని పట్టుకున్నానమ్మా, ఏం చేశాను నేను?” అని ఎదురు తిరిగాడు. ఆ పిల్ల నీకు భయపడి జుట్టు తీయించుకోడానికి వచ్చిందిరా అంటే నమ్మలేదు. “నన్ను చూసి భయపడటమేంటి? నేనేమైనా రౌడీనా? నాన్న మాత్రం ఆర్నెల్లు తిరగలేదా? నువ్వేగా చెప్పావు!” అన్నాడు.

మీ తమ్ముడు అక్కడే తింటున్నారు.

అప్పుడు చెప్పా వదినా, ఆ వెనక గుమ్మం సంగతి. “తాతయ్య కథలో నేను నవ్వుతూ కాదంటాను. నేనెప్పుడూ నవ్వలేదురా. వెనక గుమ్మం బయట చెత్త డబ్బాలుండేవి, వాటి మధ్యలోంచి దారి. ఆర్నెల్లు అలా వెళ్ళాను. రోజూ తలుపు సందులోంచి చూసి, లేడని తేలాకే అడుగు బయట పెట్టేదాన్ని. ఆ రోజుల్లో నాకు తిండి సయించేది కాదు. తర్వాత ఒక రోజు నుంచి మీ నాన్న రావడం మానేశారు. నేను నమ్మలేదు. ఇంకెక్కడో మాటేశారనుకున్నా. చాలా రోజులకి గానీ ముందు గుమ్మంలోంచి బయటికి రాలేదు. ఏడాది గడిచాక పార్లర్ అద్దం పగిలితే, యజమానురాలు పిలిపించిన మనిషి మీ నాన్నే అయ్యారు. నన్ను చూసి గుమ్మం బయటే ఆగిపోయి, ‘మీకు ఇబ్బందైతే ఇంకొకర్ని పంపిస్తాను’ అన్నారు. ఆ ఒక్క మాటకి నేను ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూశాను. ఆ తర్వాతదే ప్రేమంటే. దానికి ముందుది కాదు.”

వాడు నా వంకా వాళ్ళ నాన్న వంకా మార్చి మార్చి చూశాడు. “అయితే నాన్న అద్దం పగలగొట్టలేదా?” అన్నాడు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది, అంతలోనే ఏడుపూ వచ్చింది. మీ తమ్ముడు ప్లేటు పట్టుకుని లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఏం మాట్లాడరు.

కొంగ ఆ రాత్రంతా పడుకున్నాడో లేదో. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే వచ్చి, వెళ్ళి ఆ పిల్ల కాళ్ళ మీద పడి సారీ చెప్తానంటున్నాడు. పంపించనా? త్వరగా రాయండి.

మరదలు


ఈతకొలను గట్టు, బల్ల మీద
వెంటనే

మరదలా,

పంపించకు! ఇది చదివేలోపు వెళ్ళబోతే తలుపుకి తాళం వేసి, తాళంచెవి నీ జడలో పెట్టుకో.

సారీ చెప్పడానికి వెళ్ళడమూ వెంటపడటమే. వాడి మనసు తేలికవుతుంది, ఆ పిల్ల మాత్రం ఇంకోసారి వాడి ముఖం చూడాలి, ఏడుస్తుంటే ఓదార్చాలి, క్షమించానని చెప్పాలి. ఎందుకు చెప్పాలి? ఆ కొట్టు ఉన్న వీధి వైపు పోకూడదు, క్లాసు దారి వైపు పోకూడదు, స్నేహితులతో కబురు పంపకూడదు. సారీ అంటే వాడి విషయంలో ఇదే. కష్టంగా ఉంటుంది, ఉండనీ.

అలాగని వాణ్ణి పురుగులా చూడకు. ఆ పిల్లంటే ఇష్టపడ్డాడు, తప్పు లేదు. అడిగాడు, అదీ తప్పు కాదు. కాదంది. అక్కడితో ఆ ఇద్దరి కథ అయిపోయింది. ఆ తర్వాత జరిగిందంతా వీడు ఒక్కడే నడిపించుకున్న కథ. చెయ్యి పట్టుకోవడం మాత్రం చిన్న విషయం కాదని గట్టిగా చెప్పు. వదలమన్నప్పుడు వదలని చెయ్యి రేపు ఎక్కడిదాకా పోతుందో వాడికి తెలీదు. నాకు తెలుసు. ఇక్కడ కాలు పట్టుకుని లాగేవాళ్ళని రోజూ చూస్తున్నా.

నిన్ను నువ్వు తిట్టుకోవడం కూడా ఆపు. నువ్వు కత్తెర కింద పెట్టావు. వాడు నా కొడుకని చెప్పావు. నేనైతే ఆ మాట అనగలిగేదాన్నో కాదో.

ఇక్కడి కబురు: గట్టు మీద కూర్చోబెట్టిన మొనగాళ్ళలో ఒకడు నిన్న ఇంకొకణ్ణి చూసి “ఒరేయ్, ఆపమంది కదా, వినపడలా?” అని అరిచాడు. మేడమ్ చూస్తోందని అరిచాడో, నిజంగానే అరిచాడో నాకు తెలీదు. ఏదైతేనేం, అవతలివాడు కాలు వదిలేశాడు.

వదిన


పార్లర్, కిటికీ పక్క కుర్చీ
చలి మొదలైంది

వదినకి,

ముందుగా నవ్వే కబురు. కొంగ ఇప్పుడు పంక్చర్లు తనే వేసుకుంటున్నాడు. ట్యూబులో గాలి ఎక్కడ పోతోందో చూడ్డానికి నేను జుట్టుకి రంగు కలిపే తొట్టి వాడాడు. సైకిలు ట్యూబు ఎర్రగా తయారైంది. కాలేజీకి చుట్టు తిరిగి వెళ్తున్నాడు, అరగంట ముందు బయల్దేరుతున్నాడు. మొదట్లో రోజూ ముఖం గంటు పెట్టుకునేవాడు. నాతో మాటలు లేవు. మెల్లమెల్లగా దార్లో పడ్డాడు.

మొన్న మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది వదినా! గుమ్మంలోనే నిలబడి, “మీ అబ్బాయి లోపలున్నాడా?” అంది. లేడమ్మా అన్నాను.

“నెల దాటింది, కనపడటం లేదు. నిజంగా మానేశాడా, లేక కొత్త చోటేదైనా చూసుకున్నాడా, అది అడుగుదామని వచ్చాను. తెలీకపోతే రోజూ వెతుక్కుంటూ వెళ్ళాల్సి వస్తోంది.”

ఇరవై ఏళ్ళ కిందట తలుపు సందులోంచి చూసిన మనిషిని నేనే కదా. “మానేశాడమ్మా. నేను చూస్తూనే ఉన్నా. మళ్ళీ కనపడితే నాకు చెప్పు. నువ్వు ఎవరికి చెప్పాలన్నా నేను నీ పక్కన నిలబడతాను, వాడి పక్కన కాదు” అన్నాను.

నన్ను ఎగాదిగా చూసింది. నమ్మిందో లేదో. తర్వాత వచ్చి కుర్చీలో కూర్చుంది.

“చివర్లు మాత్రం తీయండి. అంగుళం. అంతే.”

నా సంగతి మీకు తెలుసు, అంగుళం అంటే రెండంగుళాలు తీసే చెయ్యి నాది. ఆ రోజు స్కేలు పెట్టి కొలిచా. ఆ పిల్లకి నవ్వొచ్చింది.

కొంగకి చెప్పలేదు. చెప్పాలా? చెప్తే ఏదో ఆశ పెట్టుకుంటాడని ఊరుకున్నా.

వచ్చే వారం కబుర్ల తాతయ్య డెబ్బయ్యో పుట్టినరోజుకి నేను రాలేను. జలుబు పట్టుకుంది, గొంతు కప్పలా ఉంది. తండ్రీకొడుకుల్ని పంపిస్తున్నా. తాతయ్య మళ్ళీ ఆ కథ ఎత్తుకుంటాడేమోనని నాకు దడగా ఉంది. కొంచెం చూసుకోండి.

మీ
మరదలు


మా ఇల్లు, వంటగది
పుట్టినరోజు మర్నాడు

మరదలికి,

కుదురుగా కూర్చుని చదువు. మా తమ్ముడు నీకు ఇవేవీ చెప్పడు కనక నేనే రాయాలి.

నువ్వు భయపడ్డట్టే అయింది. కేకు కోశారు, ప్లేట్లు చేతికొచ్చాయి, పిల్లలంతా చుట్టూ చేరారు, కబుర్ల తాతయ్య గొంతు సవరించుకున్నాడు. “ఒరేయ్ కొంగా, మీ నాన్న రాయి తీసుకుని గురిచూసి...” అని మొదలెట్టాడు. నేను లేచి మాట మార్చబోయా. అంతలో గోడ పక్క నుంచి ఎవరో మాట్లాడారు. ఎవరా అని తిరిగి చూశా. మా తమ్ముడు! ఇంతమందిలో వాడి గొంతు విని ఎన్నాళ్ళయిందో.

“ఆ అద్దం నేను పగలగొట్టలేదు బాబాయ్. గాలివానకి కొమ్మ విరిగి పడింది.”

అందరూ గొల్లున నవ్వారు. తాతయ్య చెయ్యి ఊపి, “నీకెందుకురా, నేను చెప్తున్నాగా” అన్నాడు. వీడు కూర్చోలేదు. ప్లేటు కింద పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో దోపుకుని, నేల చూస్తూ చెప్పాడు. వాడన్నది అన్నట్టే రాస్తున్నా.

“వెంటపడిన మాట నిజమే. తను కాదంటుంటే కథ నడుస్తోందనుకున్నా. ఒక రోజు బస్సు ఆగే చోట తను స్నేహితురాళ్ళతో నవ్వుతోంది. మామూలుగా కాదు, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా. నేను అవతలి వైపున్నాను. అలా తల తిప్పి నన్ను చూసింది. నవ్వు టక్కున ఆగిపోయింది. సంచీని గుండెలకి అదుముకుంది. ఆ నవ్వు చూడ్డానికే కదా నేను రోజూ వెళ్తున్నది. దాన్ని ఆపుతున్నది నేనేనని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళి చెప్పుకోవడానికి కూడా ముఖం చెల్లలేదు. ఇన్నేళ్ళూ నువ్వు ఈ కథ చెప్తుంటే, అందరూ నవ్వుతున్నారు కదా అని ఊరుకున్నా. ఊరుకోకుండా ఉండాల్సింది. మా వాడు కూడా విన్నాడు.”

ఎవరూ నవ్వలేదు. తాతయ్య అటూ ఇటూ చూసి, “ఇదేం కథరా, ఇందులో మజా ఏముంది?” అన్నాడు. ఆయన పక్కన యాభై ఏళ్ళుగా ఆ కథలన్నీ వింటూ కూర్చున్న మన పిన్ని లేచి, ఆయన చేతిలోంచి ప్లేటు తీసేసుకుంది. “నాకు ఈ కథే బాగుంది. మీరు ఇంక నీళ్ళు తాగండి” అంది. అప్పుడు నవ్వారు అందరూ, పిల్లలతో సహా.

కొంగ మాత్రం నవ్వలేదు. వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. తర్వాత నేను చేతులు కడుక్కుంటుంటే వచ్చి, “అత్తయ్యా, ఆ అమ్మాయికి ఎప్పటికీ నేనంటే భయమేనా?” అని అడిగాడు.

“తెలీదురా. అది నువ్వు తేల్చేది కాదు” అన్నాను. ఇంకేమైనా మంచి మాట చెప్పాల్సింది, నాకు తోచలేదు. వాడు తలూపి, తువ్వాలు అందించాడు.

గొంతుకి వేడినీళ్ళు పుక్కిలించు. తమ్ముణ్ణి ఏం ఆటపట్టించకు, కనీసం రెండు రోజులు.

వదిన


పార్లర్

వదినకి,

రెండు రోజులు ఆగలేదు. మీ ఉత్తరం చదివి అరగంటలో ఆయన ముందు నిలబడ్డా. “అక్క అంతా రాసేసిందా?” అని చెవులు ఎర్రగా చేసుకున్నారు. నిజం చెప్తున్నా వదినా, ఆ బస్సు దగ్గర నవ్విన రోజు నాకు గుర్తే లేదు. ఎందుకు నవ్వానో, ఎవరెవరున్నారో ఏదీ లేదు. ఆయన మాత్రం ఇన్నేళ్ళుగా దాన్ని లోపల పెట్టుకుని తిరిగారు. ఇంకెవరో దొరికి మానేశారేమోనని కొన్నాళ్ళకి అనుకున్నానని చెప్తే, ఒక్కసారి నా వైపు చూసి, “నువ్వు ముందు గుమ్మంలోంచి రావడం మొదలెట్టావని తెలిసిన రోజు హాయిగా నిద్రపోయాను” అన్నారు. ఎవరు చెప్పారంటే చెప్పరు. అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. మీరే అయ్యుంటారు!

గొంతు నయమైంది. కాబట్టి మళ్ళీ మూడేసి పేజీలు రాస్తా, కాచుకోండి.

నిన్న కొంగ స్నేహితుడొకడు వచ్చాడు. వాడూ ఏదో అమ్మాయి వెనక తిరుగుతున్నాడట, తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోయాయని గొప్పగా చెప్పుకుంటున్నాడు. నేను తలుపు పక్కన దువ్వెనలు కడుగుతున్నా. తొంగిచూశానని మీ తమ్ముడితో అనకండి. మనవాడు నిదానంగా వాళ్ళ నాన్న కథ మొదలెట్టాడు. ఆర్నెల్లు వెంట తిరిగింది, చెత్త డబ్బాల దారి, బస్సు దగ్గర నవ్వు, ఏదీ వదల్లేదు.

ఆ పిల్లాడు ముందుకి జరిగి కూర్చుని, “తర్వాత? మీ నాన్న ఏం చేశాడ్రా?” అన్నాడు.

“ఇంటికెళ్ళిపోయాడు” అన్నాడు కొంగ.

మీ
మరదలు